చక్కెరకేళి అత్తంతో టెండరుకి

మామిడికుదురు నుంచి అమలాపురం ఎంతో దూరం లేదు. బస్సు దొరికితే ముప్పావుగంట. ఆ ప్రయాణం పెట్టుకోవడానికి మాత్రం నాకు చాలా ఏళ్లు పట్టింది. టెండర్లంటే పెద్దవాళ్ల వ్యవహారమని, నాలుగు మగ్గాల షెడ్డు నడుపుకునే నాలాంటిది గుమ్మం బయటే ఉండాలని అనుకునేదాన్ని.

ఆ భ్రమ కొత్తపేటలో వదిలింది. అక్క కూతుర్ని ప్రభుత్వ హాస్టల్లో చేర్పించడానికి వెళితే గుమ్మం ముందు కొబ్బరిపీచు డోర్‌మ్యాటు కనిపించింది. నాలుగు మూలల్లోనూ రెండేసి ముడులు. అవి మా మార్తమ్మ ముడులే. నా దగ్గర పనిచేసే నలుగురు ఆడవాళ్లలో ఆవిడే పెద్దది. మూల తిప్పేచోట ఒక ముడి చాలంటే వినదు. మ్యాటు తిరగేసి చూస్తే వెనక మా సరుకు కొనే రాజమండ్రి వ్యాపారి పేరు అంటించి ఉంది. మా దగ్గర కొని సర్కారుకి అమ్ముకుంటున్నాడన్నమాట. ఒళ్లు మండిపోయింది. ఆయన అమ్మగలిగింది నేనెందుకు అమ్మలేను?

మీలో ఎవరైనా ఈ దారి పట్టాలనుకుంటే, బస్సెక్కే ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. చిన్న పరిశ్రమగా పేరు నమోదు చేయించుకోండి. ఆ పత్రం ఉంటే చాలా టెండర్లలో ధరావతు డిపాజిట్టు కట్టక్కర్లేదు. తర్వాత ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్లో అమ్మకందారుగా చేరండి. షరతులు ఆఖరి పేజీ దాకా చదవండి. రాజోలు నెట్ సెంటర్లో రెండు పూటలు కూర్చుని నేనివన్నీ చేశాను, ఒక్క ఆఖరి పేజీ తప్ప. దాని సంగతి ముందుకెళ్లాక చెబుతాను.

హాస్టళ్లకు డోర్‌మ్యాట్ల టెండరు పడింది. ధర ఆన్‌లైన్లో వేసినా, శాంపిల్ మాత్రం మనిషే పట్టుకెళ్లి మధ్యాహ్నం పన్నెండులోగా ఇవ్వాలి. వానలు ముంచుకొస్తున్నాయి. వాన పడితే పీచు ఆరదు. ఆర్డరు ముందే చేతికొస్తే పీచు తెచ్చి ఆరబెట్టుకోవచ్చు, లేదంటే షెడ్డు మూసి మార్తమ్మవాళ్లను ముమ్మిడివరం వైపు రొయ్యల పనికి పంపాలి. వాళ్లను పంపేది లేదని నేను గట్టిగా అనుకున్నాను.

బుధవారం ఉదయం ఎనిమిదికి బయల్దేరుతుంటే మా అత్తగారు పెరట్లో పండిన చక్కెరకేళి అరటిగెల నుంచి అత్తం ఒకటి కోసి సంచిలో పెట్టారు.

"ఆఫీసరుగారి దగ్గరికి చేతులూపుకుంటూ వెళ్తావేంటమ్మా? కొన్నవి కాదుగా" అన్నారు.

నాకూ అది తప్పుగా తోచలేదు. మావైపు చుట్టపుచూపుకెళ్లినా, జబ్బు మనిషిని చూడ్డానికెళ్లినా వట్టి చేతుల్తో గుమ్మం తొక్కం.

బస్సులో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి సున్నా టికెట్టు కొడతారు. కండక్టరు నా మ్యాట్ల కట్ట చూసి, "అమ్మకానికాండీ?" అన్నాడు.

"ఆయ్. సర్కారుకి."

"సర్కారు కాళ్లు తుడుచుకుంటదాండీ?" అని నవ్వుకుంటూ ముందుకెళ్లాడు. బోడసకుర్రు వంతెన మీద గాలి బాగా కొట్టింది. కట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అమలాపురం బస్టాండు దగ్గర పెసరట్టు తిని, ఆటోలో ఆఫీసుకి చేరేసరికి పదిన్నర.

గదిలో ఆఫీసరు మేడమ్‌గారు, ఇద్దరు గుమాస్తాలు, నాతో కలిపి ముగ్గురు అమ్మకందార్లు. అందులో ఒకడు రాజమండ్రి వ్యాపారే. నన్ను చూసి పలకరింపుగా తలూపాడు. నేను మ్యాటు తీసి, అప్పటికే వ్యాపారి మ్యాటు ఉన్న బల్లమీద పెట్టి, పక్కనే అత్తమూ పెట్టాను.

గుమాస్తాలిద్దరూ రాత ఆపి అత్తంవైపు చూశారు.

"ఇవేంటండీ?" అన్నారు మేడమ్‌గారు.

"మా పెరట్లోవేనండి. తింటారని తెచ్చేను."

"రాసుకోండి మేడమ్" అన్నాడు వ్యాపారి తాపీగా. "ఆఫీసువాళ్లకి ఏమిచ్చినా టెండరు పక్కన పెట్టాలని షరతు ఉందిగా, ఆఖరి పేజీలో."

సిగ్గేసింది, ఆ వెంటనే కోపం వచ్చింది. లంచం ఇచ్చేదాన్నయితే నలుగురి ముందు బల్లమీద పెడతానా? ఆ మాటే అనేశాను. "తప్పేనండి. మర్యాదనుకున్నాను. కానీ మేడమ్, ఆయన పెట్టిన మ్యాటు కూడా మేం నేసిందేనండి. మూలల్లో ముడులు చూడండి."

మేడమ్‌గారు రెండు మ్యాట్లూ పక్కపక్కన పెట్టి, మూలలు వేలితో తడిమి చూశారు. వ్యాపారి కిటికీవైపు తిరిగాడు.

"నేను తీసుకోలేదని, ఆవిడ వెనక్కి తీసుకెళ్లారని రాస్తానండి" అన్నారు మేడమ్‌గారు చివరికి వ్యాపారితో. తర్వాత నావైపు చూశారు. "ముందు ఆ పళ్లు బయట పెట్టి రండి. టైముంది."

అత్తం తీసుకెళ్లి వరండాలో పెట్టి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వట్టి చేతుల్తో లోపలికి వచ్చాను. శాంపిల్ తీసుకుని రసీదిచ్చారు. ధరలు వచ్చేవారం తెరుస్తామన్నారు. సాయంత్రం దాకా అమలాపురంలో పీచు కొట్లన్నీ తిరిగి, ఆర్డరు వస్తే ఎవరెంత సరుకివ్వగలరో కనుక్కున్నాను. రాకపోతే అన్న ఆలోచన దగ్గరికి రానివ్వలేదు.

ఐదు గంటలకు రాజోలు బస్సెక్కాను. నా పక్కసీటు ఒక్కటే ఖాళీ. ఆఖరి నిమిషంలో పరుగున వచ్చి కూర్చున్నది ఎవరో కాదు, మేడమ్‌గారే. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని ముందుకి తిరిగాం. సంచి కాళ్లదగ్గర ఉంది.

"చక్కెరకేళేనాండీ? వాసన బస్సంతా వస్తోంది" అంది ముందుసీటు ముసలావిడ. ఇక పెట్టకపోతే బాగుండదు. ఆవిడకి రెండు, వెనకవాళ్లకి, అటువైపు వాళ్లకి తలోటి ఇచ్చాను. పక్కన మాత్రం పెట్టలేదు. ఆ సిగ్గు నాకే తెలుసు.

"పక్కనావిడని మరిచిపోయేరేంటమ్మా?" అంది ఆ ముసలావిడే.

నేను సంచి మూతి ముడిచాను. "నాకు ఉపవాసమండి" అన్నారు మేడమ్‌గారు.

"బుధవారం పూట ఏం ఉపవాసమో" అని గొణుక్కుంది ముసలావిడ.

మామిడికుదురులో దిగడానికి లేస్తుంటే మేడమ్‌గారు నెమ్మదిగా అన్నారు: "ఆర్డరు మీకు రాకపోతే ఓసారి మీ ఇంటికొస్తానండి. అప్పుడు పెట్టండి, తింటాను."

"అయితే మీరు రాకూడదనే దణ్ణం పెట్టుకుంటానండి."

"ఆయ్, పెట్టుకోండి" అని నవ్వారు.

వీధిలోకి వచ్చేసరికి మార్తమ్మ ఎదురొచ్చింది. "ఏమైందండీ?" అంటే, "ఇంకా తెలీదు, రేపు ముడులు మరింత గట్టిగా వెయ్యి" అన్నాను. సర్కారు ఆఫీసు నేననుకున్నంత దూరంలో లేదు. మా ఇంటి మర్యాద గుమ్మం దగ్గర దించి వెళ్లాలి, అంతే.

ధరలు తెరవడమూ అయింది, పెరట్లో మరో గెలా పండింది. మేడమ్‌గారు ఇంతవరకూ మా ఇంటికి రాలేదు.