కొండబాబు గారి బడి గురించి నూకయ్య రాసిన కాగితం

కాట్రేనికోన దాటి సముద్రం వైపు వెళ్తే ఒక పల్లెపాలెం. అక్కడ సింహాద్రి అనే నావ సరంగు ఉండేవాడు. గోదావరికి ఆనకట్ట కట్టి, కాలువలు తవ్విన కొత్త రోజులవి. ధాన్యం, కొబ్బరికాయలు నావకెత్తుకుని కోరంగి రేవులో దింపి రావడం సింహాద్రి పని. ఒకసారి రేవులో కుంపిణీ వాళ్ళు అతని చేతికి ఇంగ్లీషు కాగితం ఒకటిచ్చి, అవతల ఠాణాలో చూపించమన్నారు. సింహాద్రి దాన్ని భక్తిగా రెండు చేతులతో పట్టుకుని చూపించాడు. తలకిందులుగా పట్టుకున్నాడు. ఠాణాలో ఉన్న బంట్రోతులకి కూడా ఒక్క అక్షరం రాదు. కానీ వాళ్ళే ఎక్కువ నవ్వారు.

ఇంటికొచ్చి సింహాద్రి అన్నం ముట్టలేదు. పదహారేళ్ళ కొడుకు నూకయ్యని పిలిచి, "ఒరే, నువ్వు దొరల చదువు చదవాల్రా. తెడ్డు నేను పట్టుకుంటాలే" అన్నాడు.

నూకయ్యకి అప్పటికే తెలుగు రాయడం వచ్చు. వీధిబడి అయ్యవారి దగ్గర ఇసకలో దిద్ది నేర్చుకున్నాడు. దస్తూరీ ముత్యాల కోవలా ఉంటుందని అయ్యవారే అనేవారు. కాకపోతే కుర్రాడి నోరు మాత్రం ఉప్పుగాలికి ఆరబెట్టిన చేపలాంటిది. మెత్తదనం తక్కువ.

ఆ రోజుల్లోనే నగరం అనే ఊరి పక్క గ్రామంలో కొండబాబు గారనే భూస్వామి ఇంగ్లీషు బడి పెట్టారు. కాలువ నీళ్ళు రావడంతో ఆయన బీడుభూములన్నీ వరిచేలయ్యాయి. గాదెలు నిండాయి. కడుపు నిండినవాడికి తర్వాత కావలసింది గౌరవం. దేవుడి గుడికి గోపురం కడదామంటే ఆ పని పక్క ఊరి ఆసామి అప్పటికే చేసేశాడు. అందుకని కొండబాబు గారు సరస్వతిని పట్టుకున్నారు. "మా పాఠశాలలో చేరినవాడికి కుంపిణీ కొలువు ఖాయం" అని అమలాపురం దాకా దండోరా వేయించారు. ఏడాది తిరిగేసరికి ఎనభైమంది చేరారు. మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు. పెద్ద బడికుండే చదువూ లేదు, చిన్న బడికుండే ఆప్యాయతా లేదు.

కొడుకుని చేర్చడానికి వెళ్ళిన సింహాద్రితో కొండబాబు గారు ఎంతో మర్యాదగా మాట్లాడారు.

"మా బళ్ళో అందరూ ఒకటేనయ్యా. విద్యకి కులమేంటి? ఏడాది బడిజీతం ముందుగా ఇచ్చేసి కుర్రాణ్ణి వదిలెయ్."

"ఆయ్, చిత్తమండీ" అన్నాడు సింహాద్రి, కళ్ళు చెమర్చి.

జీతం అందాక నూకయ్యని తీసుకెళ్ళి వెనకవైపు పంచలో కూర్చోబెట్టారు. ఆ పంచకి ఇటు గోడ, అటు గేదెల పాక. గోడకున్న కిటికీలోంచి పాఠం వినిపిస్తుంది, పాకలోంచి మిగతావన్నీ వినిపిస్తాయి. మొదటి నెలలో రెండింటికీ తేడా తెలియలేదని నూకయ్య తర్వాత చెప్పేవాడు.

పాఠం చెప్పేది వీరవెంకటరమణ పంతులు గారు. ఆయన చెన్నపట్నంలో ఒక వకీలు ఇంట్లో ఆరు నెలలు ఉండి వచ్చారు. అక్కడ ఆయన చేసిన పని ఉత్తరాల మీద చిరునామాలు రాయడం. వచ్చేటప్పుడు పాత అర్జీల పుస్తకం ఒకటి వెంట తెచ్చుకున్నారు. బడికంతటికీ అదే పుస్తకం, అదే శాస్త్రం, అదే వేదం. దొరగారికి అర్జీ ఎలా మొదలుపెట్టాలో మొదటి ఏడు, ఎలా ముగించాలో రెండో ఏడు. మధ్యలో ఏం రాయాలో మూడో ఏట చెబుతానన్నారు గానీ, ఆ పేజీలు చెదలు తినేశాయి.

"ఐయామ్ సార్, యువర్ మోస్ట్ ఒబీడియెంట్ సర్వెంట్" అని ఎనభైమంది ఒక్క గొంతుతో అరుస్తుంటే వీధిలో పోయే రైతులు తలపాగాలు తీసి నమస్కారం పెట్టేవారు. అదేదో మంత్రమనుకునేవారు. దాని అర్థం ఏమిటండీ అని నూకయ్య ఒకసారి కిటికీలోంచి అడిగాడు.

"అర్థం తెలుసుకునేవాళ్ళకి కొలువులు రావు. కంఠతా పట్టు" అన్నారు పంతులు గారు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన స్తంభానికి చేరగిలబడి నిద్రపోయేవారు. ఆ నిద్రలో మాత్రం ఎప్పుడూ తప్పు పలికి ఎరగరు.

ఇళ్ళు దూరమైన ముప్ఫైమంది బళ్ళోనే ఉండేవారు. వాళ్ళకి వండిపెట్టేది బంగారమ్మ. మంచి చెయ్యి. కానీ ముప్ఫైమందికి ఆమె చేతికి కొలిచి ఇచ్చేది తవ్వెడు కందిపప్పు. నీళ్ళు మాత్రం కావలసినన్ని వాడుకోమనేవారు, కాలువ పక్కనే గనక.

పంతులు గారు నిద్రపోగానే విద్యార్థులంతా వెనక పంచలోకి చేరేవారు. అక్కడైతే యజమాని చెవిన పడదు. అందరికన్నా పెద్ద గొంతు సత్తిరాజుది. రాజోలు వైపు నుంచి వచ్చాడు, ఇరవై ఏళ్ళవాడు, మీసం దువ్వుకుంటూ మాట్లాడతాడు.

"ఇది బడా? బందెలదొడ్డి! నేనే గనక ఒక్కరోజు కొండబాబు గారి ఎదట నోరిప్పేనంటే ఆయన గోచీ ఊడిపోద్ది" అనేవాడు. మిగతావాళ్ళు ఆహా ఓహో అనేవారు. సాయంత్రం కొండబాబు గారు పల్లకీ దిగితే ముందుగా వంగి చెప్పులు అందించేది కూడా సత్తిరాజే. నూకయ్య రెండూ చూశాడు. మనసులో, పీత అయినా ఒక పక్కకే నడుస్తుంది అనుకున్నాడు.

అలా మూడేళ్ళు గడిచాయి. కుంపిణీ పోయి రాణీగారి దొరతనం వచ్చిన ఏడు, బళ్ళకి సర్కారు సాయం ఇస్తుందని కబురొచ్చింది. దొర ఒకాయన స్వయంగా వచ్చి చూస్తాడట. కొండబాబు గారికి కాళ్ళు నేల మీద నిలవలేదు. గోడలకి సున్నం వేయించారు, గేదెల్ని తోటలోకి తోలించారు. పంతులు గారు ఒక ఉపాయం చెప్పారు. ఎనభైమంది విద్యార్థులూ బడి గురించి తలా ఒక మాట అన్నట్టు రాసి దొరకి సమర్పించాలి. పైన ఇంగ్లీషు అర్జీ, కింద తెలుగులో విద్యార్థుల అభిప్రాయాలు.

"దొరకి తెలుగెక్కడొస్తుందండీ, పైకాగితం చూసి సంతోషిస్తాడు" అన్నారు పంతులు గారు.

దస్తూరీ బాగున్నవాడు నూకయ్య ఒక్కడే. కాబట్టి పని అతనికి పడింది. మూడేళ్ళలో మొదటిసారి అతన్ని లోపలికి పిలిచారు, గుమ్మం దాకా.

"అందరూ మెచ్చుకున్నట్టు రాయి. అన్నీ ఒకేలా ఉండకూడదు సుమా. మాటలు మార్చి మార్చి రాయి" అన్నారు కొండబాబు గారు.

"ఒక్కొక్కళ్ళనీ అడిగి రాయమంటారాండీ?"

"అడుగు, అడుగు. అడిగినట్టుంటేనే బాగుంటుంది."

నూకయ్యకి ఆ ఒక్క మాట చాలింది. నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని ఎనభైమందినీ అడిగాడు. వాళ్ళు ఇదేదో పంచలో వేళాకోళం అనుకుని కడుపులో ఉన్నదంతా కక్కారు. నూకయ్య ఒక్క అక్షరం మార్చలేదు. 'మూడేళ్ళయింది, పప్పులో పప్పు కనబడలేదు.' 'మా ఊళ్ళో చిలక కూడా ఇంతే చదివింది, దానికి జామపండన్నా పెడతారు.' 'పంతులు గారి గురక నాకు కంఠతా వచ్చింది.' 'మా నాన్న అడిగితే బ్రహ్మాండంగా ఉందని చెబుతున్నాను, లేకపోతే పొలం దున్నమంటాడు.' సత్తిరాజు అయితే ఐదు వాక్యాలు చెప్పి, కింద తన పేరు వేయించి, చివర మీసం కూడా దువ్వాడు. ఆఖరున నూకయ్య తన మాట రాసుకున్నాడు: 'ఇక్కడ ఉంటే చదువు రాదు.'

కట్ట కట్టి, పైన పంతులు గారి ఇంగ్లీషు అర్జీ పెట్టి ఇచ్చాడు. అక్షరాల అందం చూసి పంతులు గారు మురిసిపోయారు. చదవలేదు. ఆయనకి చదివే అలవాటు లేదు.

దొర వచ్చాడు. ఎర్రటి మొహం, చెమటలు. మామిడాకుల తోరణాలు, సన్నాయి, కొబ్బరినీళ్ళు. ఎనభైమందీ లేచి ఒబీడియెంట్ సర్వెంట్ అని అరిచారు. దొర తల పంకించి, కాగితాల కట్ట తీసుకున్నాడు. పైనున్న అర్జీని ఒక చూపు చూసి పక్కన పడేశాడు. అలాంటివి రోజుకి పాతిక చూస్తాడు. కింద కాగితం తీసి, కళ్ళజోడు సవరించుకుని, తెలుగులో చదవడం మొదలుపెట్టాడు.

దొరలు కొలువుకి రాక ముందే తెలుగు వ్యాకరణం చదివి పరీక్ష నెగ్గి వస్తారన్న సంగతి చెన్నపట్నంలో ఆరు నెలలున్న పంతులు గారికి ఎవరూ చెప్పలేదు.

"పప్పునందు... పప్పు... కానరాలేదు" అని దొర చదివి, తలెత్తి, "ఇది నిజమా?" అని అడిగాడు. సన్నాయి ఆగిపోయింది. కొండబాబు గారి మొహం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది.

"దీనిని పలికినవాడు ఎవడు? నిలువుము."

ఎవరూ లేవలేదు. దొర రెండోది చదివాడు. మూడోది చదివాడు. తర్వాత సత్తిరాజు పేరు చూసి పిలిచాడు. సత్తిరాజు లేచి, చేతులు కట్టుకుని, "లేదండి దొరగారూ, నేనలా అనలేదండి. బాబుగారు మాకు తండ్రిలాంటోరండి. పప్పులో నెయ్యి కూడా వేయిస్తారండి" అన్నాడు. అక్కడి నుంచి పిలిచినవాడల్లా అదే పాట. ఒకడు నెయ్యికి తోడు అప్పడం కూడా చేర్చాడు.

వంటపాక గుమ్మంలో నిలబడి వింటున్న బంగారమ్మకి ఒళ్ళు మండింది. "నెయ్యా! నేనెప్పుడేసేన్రా నెయ్యి? పప్పే ఇవ్వరు బాబూ, నెయ్యి ఎక్కణ్ణించి తేను?" అని అందరికీ వినబడేలా అంది.

అప్పుడు నూకయ్య వెనక పంచలోంచి లేచి కిటికీ దగ్గరికొచ్చాడు. "అన్నీ నేనే రాశానండీ. వాళ్ళు చెప్పేరు, నేను రాశాను. ఇప్పుడు చెప్పలేదంటున్నారు. అదీ ఈ బళ్ళోనే నేర్చుకున్నారండీ."

దొర పకపకా నవ్వాడు. పుస్తకంలో ఏదో రాసి, కొండబాబు గారి వైపు తిరిగి, పుస్తకాల తెలుగులో తీరిగ్గా చెప్పాడు: "అధికారి యెదుట నిర్భయముగా సత్యము పలుకు విద్యార్థిని తయారుచేసిన పాఠశాల మిక్కిలి శ్లాఘనీయము. సర్కారు సాయము మంజూరు చేయుచున్నాను."

కొండబాబు గారికి క్షణం అర్థం కాలేదు. అర్థం కాగానే రెండు చేతులూ జోడించి, "ఆయ్, అంతా మా శిక్షణేనండి" అన్నారు.

పల్లకీలు కనుమరుగయ్యాక నూకయ్యని పిలిపించారు.

"నీ మూలంగా మేలే జరిగిందిరా. కాదనను. కానీ నీలాంటివాడు ఇక్కడ ఉండకూడదు."

"ఆయ్, ఉండనండి. ఆ కాగితంలో నా మాట కూడా అదేనండి."

బంగారమ్మ అంతకుముందే గరిటె పడేసి మురమళ్ళ వెళ్ళిపోయింది. వీరేశ్వరస్వామి తీర్థానికి వచ్చేవాళ్ళకి వండిపెట్టి బతుకుతానంది, బతికింది కూడా.

కొడుకు మూట పట్టుకుని తిరిగొస్తే సింహాద్రి తిట్టలేదు. వల బాగుచేసుకుంటూ, "ఏం నేర్పేర్రా మూడేళ్ళూ?" అన్నాడు. నూకయ్య అప్పజెప్పాడు.

"అంటే ఏంట్రా?"

"నేను తమకి మిక్కిలి విధేయుడైన నౌకర్నండీ అని. వచ్చేటప్పుడు దారిలో ఒక గుమాస్తా చెప్పేడు."

సింహాద్రి వల పక్కన పెట్టాడు. "దానికి మూడేళ్ళెందుకురా? అది మనకి పుట్టుకతోనే వచ్చు కదా!" అన్నాడు. అని, తనే నవ్వాడు. అటుపైన బడి మాట ఇంట్లో ఎత్తలేదు.

నూకయ్య తండ్రి నావలోనే కోరంగి వెళ్ళడం మొదలుపెట్టాడు. అక్కడ బర్మాలోని రంగం వెళ్ళొచ్చిన ముసలి ఓడ కళాసీ ఒకడు తెరచాపలు కుడుతూ ఉండేవాడు. వాడు ఇంగ్లీషులో తాడునీ, గాలినీ, లంగరునీ ముందు తిట్టి, తర్వాత వాటి పేర్లు చెప్పేవాడు. నూకయ్య పెట్టెల మీద రాతలు చూసి ఆ పేర్లు పోల్చుకున్నాడు. ఏడాదిన్నరకి కాగితాలు చదవడం వచ్చింది. రేవులో నావలవాళ్ళందరికీ చదివిపెట్టేవాడు. వాళ్ళు ఇచ్చింది తీసుకునేవాడు, చేప అయితే చేప.

ఒకసారి రేవులో సత్తిరాజు కనబడ్డాడు. మేనమామ పలుకుబడితో కచేరీలో గుమాస్తా అయ్యాడు, జరీ తలపాగా. "ఎంతైనా మన బడిరోజులే బంగారం నూకయ్యా! అలాంటి గురువులు ఇప్పుడెక్కడున్నారు!" అన్నాడు.

"నెయ్యి అయితే నాకింకా గుర్తేనండి" అన్నాడు నూకయ్య. సత్తిరాజు ఎండగా ఉందంటూ వెళ్ళిపోయాడు.

తర్వాత నూకయ్య అప్పాయమ్మని పెళ్ళి చేసుకున్నాడు. బుట్టలో ఎండుచేపలు పెట్టుకుని ఊళ్ళు తిరిగే పిల్ల, చురుకైంది. ఆమె తనకీ అక్షరాలు నేర్పమంది. పాలెంలో ఆడది అక్షరం పట్టుకోవడం ఎవరూ ఎరగరు. నూకయ్య ఒప్పుకున్నాడు. రోజూ సాయంత్రం నావ పలక మీద బొగ్గుతో రాసి చెప్పేవాడు, తప్పు రాస్తే విసుక్కునేవాడు. పది రోజులు చూసి అప్పాయమ్మ బొగ్గుముక్క కింద పెట్టేసింది.

"ఏమయ్యా, నువ్వు చెప్పేదాంట్లో సగం నాకు బోధపడ్డం లేదు. తిట్టడం మాత్రం శుభ్రంగా వచ్చు నీకు. నీకన్నా ఆ పంతులే నయం, నిద్రపోయేవాడు."

నూకయ్యకి రోషం వచ్చింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు సాయంత్రం కాళ్ళు కడుక్కొచ్చి, పలక తుడిచి, "ఎక్కడ బోధపడలేదు, చూపించు" అన్నాడు. అప్పాయమ్మ వేలు పెట్టి చూపించింది. అతను మళ్ళీ మొదటి అక్షరం నుంచి, మెల్లిగా, మొదలుపెట్టాడు.