కామమ్మ చెప్పిన మాటలు

చిల్లకూరు దగ్గరి ఎరుకల కాలనీలో కామమ్మలా ఈత తట్టలు అల్లేవాళ్లు లేరు. గూడూరు నిమ్మకాయల మార్కెట్టుకు ఆమె తట్టలు ముప్పై ఏళ్లు పోయాయి. ఇంట్లో వాళ్లది ఎరుకల భాష, గడప దాటితే తెలుగు. చిన్నప్పుడు బళ్లో నోరు జారి నీళ్లను 'తణ్ణి' అన్నందుకు అయ్యవారు బెంచీ ఎక్కించాడు. అందరూ నవ్వారు. మర్నాటి నుంచి ఆమె బడి మొహం చూడలేదు.

నిరుడు వానాకాలంలో బడిపంతులు టైటస్ ఆమె ఇంటికొచ్చాడు.

"చిన్న తరగతుల పిల్లకాయలకి ఇంటి భాషలోనే పాఠాలు చెప్పమని ఢిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చినాదవ్వా. మీ మాటలతో వాచకం రాద్దాం. నువ్వు చెప్తే నేను తెలుగు అక్షరాల్లో రాసుకుంటా."

"ఆ మాటలకే నన్ను బెంచీ ఎక్కించినారు. ఇప్పుడు మళ్లా అవే చెప్పమంటా ఉండారా సారూ?"

అన్నదే గానీ, చెప్పింది. మూడు నెలలు, బడి వదిలాక, అరుగు మీద కూర్చుని చెప్పింది. కొన్ని మాటలు నాలుక దాకా వచ్చి ఆగిపోయేవి. వాటి కోసం బస్సెక్కి కొడవలూరులో ఉన్న అక్క దగ్గరికి పోయింది. అక్కకు చెవుడు, ఇంట్లో అందరూ తెలుగులోకి మారిపోయి చాలా కాలమైంది. పగలంతా అరిచి అరిచి అడిగితే రెండు మాటలు దొరికాయి. నడుం పట్టుకుని తిరిగొచ్చింది.

టైటస్ వాచకాన్ని పైఆఫీసుకు పంపాడు. సంక్రాంతి సెలవులయ్యాక ఒక పెట్టె, దాంతో ఒక కాగితం వచ్చాయి. జనాభా లెక్కల భాషల జాబితాలో ఎరుకల భాష విడిగా లేదట, తమిళం కింద కలిపారట. పెట్టె నిండా తమిళ వాచకాలు.

"ఇవి మీ భాషవేనంటవ్వా," అన్నాడు టైటస్ తలెత్తకుండా.

కామమ్మ పేజీలు తిప్పింది. బొమ్మల్లో ఏనుగు తప్ప ఆమెకేమీ తెలియలేదు. "సూళ్లూరుపేట సంతలో నేను నోరు తెరిస్తే, ఇదేం తమిళమని అరవోళ్లే నవ్వేవాళ్లు సారూ."

"ఇంకో అర్జీ పెడదాం."

"నువ్వు పెట్టు. నాకు ఓపిక లేదు."

వేసవిలో టైటస్‌కు బదిలీ అయింది. పోతూ పోతూ తన చేతిరాత నోటుబుక్కు ఆమెకిచ్చాడు. మనవరాలు రోజా ఇంగ్లీషు మీడియంలో నాలుగో తరగతి. ఆ నోటుబుక్కు తీసి కూడబలుక్కుంటూ చదివితే, కామమ్మ రెండు మాటలు సరిదిద్దింది. మూడోది తప్పు చదివినా ఊరుకుంది.

తర్వాత కొన్నాళ్లకు జనాభా లెక్కలు రాసుకునే అతను ఫోను పట్టుకుని ఇంటికొచ్చాడు. పేరు, వయసు, పని అడిగాడు.

"మాతృభాష?"

"తెలుగు రాసుకో నాయనా."

రోజా తలెత్తింది. "అవ్వా, మనది..."

"ఊరుకోమ్మా. మనది చెప్తే మళ్లా తమిళం కిందే కలుపుతారు."

అతను ఫోనులో నొక్కుకుని పక్కింటికి వెళ్లిపోయాడు. కామమ్మ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. తట్ట సగంలో ఉంది. ఆ రోజుకు దాన్ని ముట్టుకోలేదు.