నాయిన వద్దన్న ఎర్ర వెలుగు

ఈ పొద్దుగాల మచ్చ బొల్లారంలో మా డాబా మీద ఆరేసిన బట్టలు కూడా కనబడనంత మంచు పట్టింది. మనుమరాలు ఫోటోలు తీసుకుంటూ సంబరపడుతుంటే నాకు మాత్రం ఒళ్ళు మండింది. మన ఈడు వాళ్ళకు మంచు అనగానే చలిమంట, వేడివేడి చాయ గుర్తొస్తాయి. నాకు మా నాయిన పొక్కిన చేతులు గుర్తొస్తాయి.

నేనప్పుడు శామీర్‌పేట దిక్కు ఒక మందుల ల్యాబులో కొత్తగా చేరాను. క్యాన్సర్ గడ్డలను మాడ్చే రంగు మందు చేసేవాళ్ళం. వెలుగు తగిలితే పాడయ్యే సరుకు కాబట్టి కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, సీసాలకు వెండికాగితం చుట్టి, గుడ్డిదీపం కిందనే పని. దాన్ని నరంలోకి ఎక్కిస్తే గడ్డలో పేరుకుంటుంది, ఆ తర్వాత సన్నటి గొట్టంతో లోపలికి ఎర్ర వెలుగు పంపితే గడ్డ మాడిపోతుంది. లాల్‌గడి మలక్‌పేట్‌లో వ్యవసాయం చేసుకునే మా నాయినకు గొంతు కింద గడ్డ లేచి ముద్ద దిగకుండా అయినప్పుడు, పట్నం దవాఖానలో అటువంటి మందే ఎక్కించారు. మెతుకు మింగలేని మనిషి కొన్నాళ్ళకే పప్పుచారు అన్నం తిన్నాడు, అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. నా కొలువు మీద నాకు ఆ రోజు ఎంత గర్వమో!

అయితే ఆ మందు తోలులోనూ నిలుస్తుంది, పగటి వెలుగు పడితే ఒళ్ళు కాలుతుంది, కొన్ని వారాలు గడప దాటొద్దని డాక్టర్లూ చెప్పారు, నేనూ చెప్పాను. పగటిపూట ఇంట్లో ఉండడమంటే మా నాయినకు జైలే. యాసంగి నారు చలికి ఎర్రబడుతుందని ఒకటే బెంగ. ఒక పొద్దున మంచు దట్టంగా కమ్మితే, ఒంటికి సుర్రుమనడం లేదు కాబట్టి ఎండే లేదని లెక్కేసుకొని, బనీను మీదనే నారుమడికి పోయి, నీళ్ళు మార్చి, మంచు విడిచేదాకా గట్టు మీదనే కూర్చున్నాడు. బతుకంతా ఎండను ఒంటితోనే కొలిచిన మనిషి మరి! మంచు ఎండ వేడినైతే ఆపుతుంది గానీ వెలుగును ఆపదు. సాయంత్రానికి ముఖం, చేతులు బొబ్బలెక్కి, కళ్ళు తెరవరాకుండా వాచిపోయాయి.

బొబ్బలు మానాయి గానీ మనసు విరిగింది. గడ్డ మళ్ళీ పెరిగి, ఇంకోసారి ఎక్కించాలన్నప్పుడు కాళ్ళు పట్టుకున్నంత పని చేసినా వినలేదు. "నన్ను సీకట్ల గూసోబెట్టే మందు నాకొద్దు బిడ్డా, ఉన్నన్ని దినాలు పొలం జూసుకుంట ఉంట" అన్నాడు.

ఇప్పుడొస్తున్న కొన్ని రంగు మందులు కొద్ది రోజులకే ఒంట్లోంచి పోతాయట, వారాల తరబడి దాక్కోనక్కర్లేదట. ల్యాబులో నా తర్వాత చేరిన అమ్మాయి ఫోనులో సంతోషంగా చెబుతుంటే మంచిదే తల్లీ అన్నాను. ఏం మంచి, ఎవరికి మంచి! నాయిన చూసుకుంటానన్న పొలంలో ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్ళున్నాయి, నాయిన లేడు. పోయేముందు నోట్లో తులసినీళ్ళు పోసింది నేనే. ఒక్క చుక్క దిగలేదు, అన్నీ పెదవి పక్కనుంచి కారి నా చేతిలోనే పడ్డాయి.