రెండో అబద్ధం

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, వానాకాలం. తెనాలిలో నేను పనిచేసే ల్యాబు ముందు గదిలో పన్నెండు కుర్చీలు, ఇరవై మంది జనం. సీసాలు కడగడానికి ఈ పనిలోకి వచ్చినవాణ్ని నేను. పదో తరగతి తప్పాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక పాత ఇంగ్లీషు పుస్తకం చూసి మైక్రోస్కోపు పని నేర్చుకున్నాను. నలభై ఐదేళ్లయింది. మరిచిపోయిన కేసంటూ లేదు. మరిచిపోవాలనుకున్నది ఇదొక్కటే.

సుగుణమ్మ గారిది కొలకలూరు. రిటైరైన టీచరు, డెబ్బై రెండేళ్లు. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆరు నెలలుగా కడుపులో కుడిపక్క సన్నగా నొప్పి, నీరసం, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఊళ్లో గ్యాస్ అన్నారు. బాపట్లలో కూతురి దగ్గరికి వెళితే అక్కడి డాక్టరు వయసు అన్నాడు. గ్యాసు, వయసు! ఈ రెండు మాటలు చెప్పి ఎంతమంది పెద్దవాళ్లను ఇంటికి పంపేశారో నాకు తెలుసు. మా వీధి డాక్టరు నయం, పరీక్షలకు పంపాడు. ఆయనా పొట్ట మీద చెయ్యి వేసి చూడలేదు.

హిమోగ్లోబిన్, అంటే రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం, ఏడున్నర ఉంది. కణాలు చిన్నవైపోయి, పాలిపోయి ఉన్నాయి. ఒంట్లో ఐరన్ లేదన్నమాట. నెలసరి ఎప్పుడో ఆగిపోయిన మనిషికి ఐరన్ ఇంతగా పడిపోయిందంటే, లోపల ఎక్కడన్నా రక్తం కారుతోందేమో వెతకాలి. అందుకని స్టూల్ అక్కల్ట్ బ్లడ్ రాశారు. మలంలో కంటికి కనపడని రక్తం ఉందేమో చూసే పరీక్ష అది.

నేను కౌంటరు దగ్గర నిలబడి, అలవాటు ప్రకారం గొంతెత్తాను.

"కొలకలూరు సుగుణమ్మ గారూ! మలం డబ్బా తీసుకెళ్లండి. రేప్పొద్దున నింపి తెండి!"

గదంతా తిరిగి చూసింది. మూలనున్న టైర్ల షాపతను గబుక్కున లేచి నిలబడ్డాడు.

"టీచర్ గారూ! నేనండి, మీ దగ్గర నాలుగో తరగతి చదివాను. ఏంటండి ఇట్టా వచ్చారు? ఏం టెస్టండి?"

"షుగర్ రా," అన్నారావిడ. డబ్బా కొంగు కింద పెట్టుకుని వెళ్లిపోయారు.

మర్నాడు డబ్బా వచ్చింది, నాలుగు కవర్లలో చుట్టి. రక్తం లేదు. స్లైడు మీద మాత్రం హుక్‌వర్మ్ గుడ్లు రెండు మూడు కనిపించాయి. అది పేగును కరిచిపట్టుకుని రక్తం తాగే పురుగు. దొంగ దొరికాడనుకుని గర్వపడ్డాను. కానీ ఆ రెండు మూడు గుడ్ల లెక్కకు అంత రక్తం పోదని నాకు తెలుసు. తెలిసీ రాయలేదు. పూర్వం ఒకసారి రిపోర్టు కింద నా అనుమానం రాస్తే, "ఏమయ్యా, డాక్టరువి నువ్వా, నేనా?" అని నలుగురిలో గడ్డి పెట్టారు. ఆ ఉక్రోషం నాలో అట్లాగే ఉంది. చూసింది రాసి ఊరుకున్నాను. పురుగుల మాత్ర, ఐరన్ మాత్రలు ఇచ్చి ఆవిణ్ని ఇంటికి పంపేశారు.

ఐదు నెలలకు మళ్లీ వచ్చారు. జాకెట్టు చేతులు వదులై వేలాడుతున్నాయి. కుడిపక్క గడ్డ చేతికి తగులుతోందని, గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లేలోపు రక్తపరీక్ష చేయించమని ఈసారి వేరే డాక్టరు రాశాడు. లోపలి గదిలో రక్తం తీస్తుంటే మెల్లగా అన్నారు.

"తమ్ముడూ, అప్పటి డబ్బా నాది కాదయ్యా. మా మనవరాలిది."

సూది తీసి దూది అద్దాను. "ఎందుకు చేశారమ్మా ఆ పని?"

"నువ్వట్టా కేకేశావు. ఆ పిల్లాడు ఎదురుగా లేచి నిలబడ్డాడు. షుగరని అబద్ధమాడాను. అబద్ధమాడిన పిల్లల చేత గోడకుర్చీ వేయించినదాన్ని! మర్నాడు ఆటోలో ఎవరన్నా ఆ కవరేంటని అడిగితే, రెండో అబద్ధం ఆడలేననిపించింది. పిల్లదాని డబ్బా తెస్తే, మనవరాలిదని నిజమే చెప్పొచ్చు కదా."

"ఎవరన్నా అడిగారా?"

"ఎవరూ అడగలా."

పేగులో క్యాన్సర్. అప్పటికే కాలేయానికి పాకింది. ఏడు వారాలు బతికారు.

పెద్దవాళ్లకు కడుపునొప్పి, నీరసం కలిసి వదలకుండా ఉంటే కారణం ఏదైనా కావచ్చు. మోకాళ్ల నొప్పుల మాత్రలు తెచ్చిపెట్టిన పుండు కావచ్చు, పిత్తాశయంలో రాళ్లు, కాలేయం, పేగులో గడ్డ కావచ్చు. అదేదో చూసి తేల్చాలి. వయసు అనేది రోగం పేరు కాదు. ఈ మాట ఏ డాక్టరు ముందైనా అంటాను. అయితే కోపమంతా వాళ్ల మీదే పెట్టుకుందామంటే ఈ కేసు ఒప్పుకోదు.

ఇప్పుడు డబ్బా లోపలి గదిలో, కాగితం సంచిలో పెట్టి ఇస్తాను. తెచ్చాక తలుపు వేసి, "ఇది మీదేనాండి?" అని అడుగుతాను. "నాది కాక నీదా?" అని కసురుతారు. కసరనీ. గుడ్లు ఎన్ని కనిపించాయో కూడా రాస్తున్నాను, ఎవరేమన్నా సరే.

టైర్ల షాపతను ఇప్పటికీ షుగర్ చూపించుకోడానికి వస్తాడు. మొన్న వేలు చాపి అడిగాడు.

"మా టీచర్ గారు షుగర్ ఎక్కువై పోయారటగా అండి?"

"అవును," అన్నాను.

ఆవిడ ఆడలేకపోయిన రెండో అబద్ధం నేనాడాను.