పొయ్యి కొండెక్కిన రోజు

మా ఆయన అమెరికాలో, మిషిగన్ దక్షిణాన ఉన్న ట్రాయ్‌లో పుట్టి పెరిగినవాడు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడతాడు కూడా, కాకపోతే మాటల చివర్లు కాస్త అరగదీసి మాట్లాడతాడు. నేను విజయనగరం పిల్లని. కార్ల కంపెనీలు కుదేలై ట్రాయ్‌లో ఇంటింటి ముందూ అమ్మకం బోర్డులు మొలిచిన ఏడాది, మిషిగన్ ఉత్తరపు కొసన ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో నాకు ఫిజికల్ థెరపిస్ట్ ఉద్యోగం వచ్చింది. ఊరి చివర, కొండవాలు అడవిని ఆనుకుని ఒక ఇల్లు అద్దెకు దొరికింది. ఆ ఇంటికి వెచ్చదనమంతా హాల్లో ఉన్న ఇనుప కట్టెల పొయ్యి నుంచే.

నాకా ఇల్లు చూడగానే నచ్చింది. ఆయనకు చూడగానే భయం వేసింది. ఇంట్లో మంట పెట్టుకుని ఎవరైనా నిద్రపోతారా అన్నాడు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఈ ఒక్క చలికాలం చూద్దాం, పొయ్యితో వేగలేకపోతే మంచు కరగగానే ట్రాయ్ వెళ్ళిపోదాం అని. ఒప్పందమన్న పేరేగానీ, నాకు వెళ్ళాలని ఏ కోశానా లేదు. అన్నేళ్ళు అపార్ట్‌మెంట్ గోడల మధ్య బతికాక, తలుపు తీస్తే అడవి కనిపించే ఇల్లు నాకు కావాలనిపించింది. దానికి వేరే కారణం అక్కర్లేదు.

పైగా కట్టెల పొయ్యి సంగతి నాకు తెలియనిదా అని ధీమా. మా అమ్మమ్మ నిప్పుకు నివురు కప్పి తెల్లారేదాకా నిలబెట్టేది, ఒక్క పుల్ల వృథా పోనిచ్చేది కాదు. నేనూ అదే దారి పట్టాను. పొయ్యిలోకి గాలి వచ్చే సందు దాదాపు మూసేసి, అప్పుడే కొట్టిన పచ్చి కట్టెల్ని మంట లేకుండా మగ్గబెట్టేదాన్ని. పొగ అప్పుడప్పుడూ ఇంట్లోకే తిరిగొచ్చేది. ఆయన వచ్చే వేళకి కిటికీలు తెరిచి, ఆపైన సాంబ్రాణి వేసేదాన్ని. ఇల్లు గుడిలా ఉందనేవాడు పాపం. పొగను పొగతో కప్పిపెట్టిన ఘనత నాదే.

నవంబరులో నాకు సెలవున్న ఒక రోజు మధ్యాహ్నం ఆ పొయ్యి పూర్తిగా చల్లబడిపోయింది. ఎంత ఊదినా అంటుకోదు. అగ్గిపెట్టె కూడా ఖాళీ అయింది. మా ఆయన ఇంటర్నెట్ కోసం ఊళ్ళో లైబ్రరీలో కూర్చుని పనిచేసుకునేవాడు, అక్కడికి ఫోన్ చేశాను. మా పుట్టింట్లో దీపాన్ని గానీ పొయ్యిని గానీ ఆరిపోయిందనడం అలవాటు లేదు.

"పొయ్యి కొండెక్కింది. వచ్చేటప్పుడు..." అన్నాను. సిగ్నల్ తెగిపోయింది.

కాసేపటికి సైరన్ మోత వినిపించింది. ఎవరి కొంప అంటుకుందో అనుకుంటూ బయటికి వస్తే ఫైరింజను మా వాకిట్లోనే ఆగింది. హెల్మెట్లు పెట్టుకున్న ఊరి వాలంటీర్లు నలుగురు దిగి, ఇంటి ముఖమైనా చూడకుండా వెనకున్న కొండకేసి చూస్తున్నారు. వెనకే మా ఆయన కారు. కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు మనిషికి. పరుగున వచ్చి నా భుజాలు పట్టుకున్నాడు.

"ఫైర్ ఎక్కడ? కొండ ఎక్కింది అన్నావ్ కదా."

అప్పుడర్థమైంది నాకు. పొయ్యిలోంచి నిప్పు బయటపడి కొండ మీది అడవిని పట్టుకుందని 911కి చెప్పేశాడు. మాటకు మాట సరైన అర్థమే చెప్పుకున్నాడు, తప్పు పట్టడానికి లేదు. నిప్పు ఆరిందనడం అశుభమని, అందుకని కొండెక్కిందంటామని, నీళ్ళ గొట్టాలు పట్టుకు నిలబడ్డవాళ్ళకి ఇంగ్లీషులో వివరించాల్సి వచ్చింది. ముందు ఒక పెద్దాయన నవ్వాడు, తర్వాత మిగతా ముగ్గురూ నవ్వారు. మా ఆయన మాత్రం నవ్వలేదు.

ఆ పెద్దాయన నా పేషంటే. మోకాలి ఆపరేషన్ అయ్యాక వ్యాయామాలు ఎగ్గొడుతున్నాడని, ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా నేను చీవాట్లు పెట్టే మనిషి. ఫైరింజను నడపడం మాత్రం మానలేదు. వచ్చాం కాబట్టి పొయ్యి ఎందుకు ఆరిందో చూసిపోతానని లోపలికొచ్చి, పొగగొట్టం అతుకు ఊడదీసి టార్చి వేసి మమ్మల్ని చూడమన్నాడు. లోపలంతా నల్లటి పెళుసు తారు పెచ్చులు కట్టుకుపోయి, పొగ పోవడానికి మధ్యలో పిడికెడు సందు మిగిలింది. పచ్చి కట్టెల్ని మగ్గబెడితే ఆ పొగ గొట్టంలో చల్లబడి ఇలా పేరుకుంటుందట. ఏదో ఒక రోజు మంట పెద్దదయితే గొట్టమే అంటుకుంటుందట. వ్యాయామాలు ఎగ్గొట్టింది ఈసారి నువ్వేనని నన్ను దెప్పాడు కూడా.

ప్రమాదం తప్పిందన్న ఊరట కంటే ముందు నాకు, ఇక ఈ ఇల్లు పోయినట్టేనన్న దిగులే కలిగింది. మా ఆయన టార్చి తీసుకుని ఆ గొట్టంలోకి చూస్తూ ఉండిపోయాడు.

ఆ చుట్టుపక్కల చిమ్నీలు శుభ్రం చేసేవాడు దొరకాలంటే క్రిస్మస్ దాటాలి. అందుకని మర్నాడు మధ్యాహ్నం పెద్దాయనే ఇనుప తీగల బ్రష్షు, ఒకదానికొకటి బిగించే కడ్డీలు పట్టుకొచ్చాడు. ఆ మోకాలితో నిచ్చెనలెక్కొద్దని నేనే కట్టడి చేశాను కాబట్టి పెద్దాయన కింద నిలబడ్డాడు. నేనెక్కుతానంటే మా ఆయన ఒప్పుకోలేదు. బల్బు మార్చడానికి స్టూలెక్కితే నన్ను పట్టుకోమనే మనిషి, నడుముకు తాడు కట్టుకుని తనే కప్పు మీదికి ఎక్కాడు. నేను లోపల పొయ్యి నోటికి పాత దుప్పటి అడ్డంపెట్టి పట్టుకున్నాను. పైన బ్రష్షు కదిలినప్పుడల్లా పెచ్చులు జలజలా రాలుతున్నాయి. బకెట్ నిండి ఇంకా మిగిలింది.

దిగి వచ్చేసరికి మనిషంతా మసి. వెలిగించు చూద్దాం అన్నాడు. పెద్దాయన ఇచ్చి వెళ్ళిన ఎండు కట్టెలు పేర్చి, గాలి సందు బార్లా తీశాను. మంట భగ్గున లేచింది, పొగ ఒక్క పాయ కూడా ఇటు రాలేదు. మా ఆయన దగ్గరికొచ్చి చేతులు చాచి కూర్చున్నాడు. ఆ పొయ్యికి అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదలు. ట్రాయ్ మాట ఎత్తుతాడేమోనని, ఎత్తేలోగా ఎలా బతిమాలాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను.

"కట్టెలు ఎండాలంటే వన్ ఇయర్ పడుతుందంట," అన్నాడు. "సో నెక్స్ట్ వింటర్‌వి ఇప్పుడే కొనాలి. పొద్దున్నే ఆర్డర్ చేశాను."

నాకు కన్నీళ్ళు ఆగలేదు. పొగ వల్ల అని చెప్పుకుందామంటే ఇంట్లో పొగ కూడా లేదు.