ఎడమ సీటు

మా కారుకు రెండే సీట్లు. ఇంగ్లాండులో తయారైన స్పోర్ట్స్ కారు అది. ముదురాకుపచ్చ రంగు, పైన గుడ్డ కప్పు. 1971లో మా ఆయన మద్రాసులో ఒక ముసలి డాక్టరు దగ్గర కొన్నప్పుడు అది కదలనే కదలదు. లారీ ఎక్కి చిత్తూరు వచ్చింది. మా బెల్లం మండీ వెనక రేకుల షెడ్డులో నాలుగేళ్లు దాన్ని బాగు చేశారు. లోపలి చెక్క ఫ్రేము పుచ్చిపోయి ఉంటే, ఐరాల నుంచి ఎద్దుల బండ్లు చేసే ఆచారిని పిలిపించారు.

ఆచారి పాత చెక్కను గోటితో గీకి చూసి, "ఇంత పలసని సెక్కతో బండి ఎవురు సేసినారప్పా?" అన్నాడు.

"ఇంగ్లీషోళ్లు," అన్నారు ఈయన.

"అందుకే పొయినారు," అని ఆచారి తుమ్మ చెక్క అందుకున్నాడు.

1975 మార్చిలో కారు రోడ్డెక్కింది. మీటరు 28,914 మైళ్ల దగ్గర ఉంది. ఆ రోజు నుంచి ప్రతి ప్రయాణమూ నోటు పుస్తకంలో రాశాను. ఆదివారం పొద్దున పాకాల దాకా వెళ్లి, రైల్వే స్టేషన్లో కాఫీ తాగి తిరిగొచ్చేవాళ్లం. ఆయన నడిపేవారు, నేను ఎడమ సీట్లో. గాలికి నిలవదని కొంగు నడుముకు చుట్టి పిన్నీసు పెట్టుకునేదాన్ని. గేరు మార్చేముందు ఆయన కొంచెం ముందుకు వంగి ఇంజను చప్పుడు వినేవారు. ఆ రెండున్నరేళ్లలో ఆయన ముఖాన్ని పక్క నుంచి చూసినంతగా మరెన్నడూ చూడలేదు.

1977 సెప్టెంబరు రెండో ఆదివారం బర్రె అడ్డం వచ్చింది. తప్పించబోతే కారు చెరకు తోటలోకి దిగింది. నాకు మోకాలు గీరుకుంది. ఆయనకు జబ్బ ఎముక విరిగితే పుత్తూరు కట్టు కట్టించాం. తుమ్మ చెక్కకు ఏమీ కాలేదు.

కట్టు విప్పకముందే మా అత్త ఆయనను కాణిపాకం తీసుకుపోయింది.

"నాకుండేది నువ్వొక్కడివే నాయనా. ఇంక ఆ బండి స్టీరింగు ముట్టుకోనని సామి ముందర సెప్పు."

కట్టు తడవకుండా ప్లాస్టిక్ కాగితం చుట్టించుకుని, తలకు నీళ్లు పోసుకుని, తడి బట్టలతో ఆయన ఆ మాట చెప్పారు. గట్టు తగాదాలు కూడా కోర్టుకెక్కకుండా అక్కడి ప్రమాణంతో తేలిపోయే ప్రాంతం మాది. ఆ మాట ఎవరూ దాటరు.

ఎముక అతికాక ప్రతి ఆదివారం షెడ్డుకు వెళ్లేవారు. బయటే నిలబడి, తలుపు మీదుగా వంగి, మోచెయ్యి స్టీరింగుకు తగలకుండా స్టార్టరు లాగేవారు. పది నిమిషాలు ఇంజను చప్పుడు విని ఆపేసేవారు. నేను పుస్తకంలో 31,406 అని రాసేదాన్ని. అరవై ఆదివారాలు అదే అంకె. అమ్మేస్తారేమో అనుకున్నాను. అమ్మలేదు, ఎవరినీ నడపమని అడగలేదు, నవ్వడం మాత్రం తగ్గింది.

అరవై ఒకటో ఆదివారం నేను కుడివైపు ఎక్కి కూర్చున్నాను. "ఎక్కండి. నేర్పండి," అన్నాను.

మా అత్త మండీ గుమ్మంలోకి వచ్చింది. "ఏందిమే ఇది? మొగుణ్ణి పక్కన కూసోబెట్టుకోని తోలతావా? బజారంతా నగుతాది."

"నగనీ అత్తా. ప్రమాణం జేసింది మీ కొడుకు. నేను జెయ్యలేదు."

"ముప్పై మైళ్ల స్పీడుకు మించి తోలితే నిన్నూ కాణిపాకం పిల్సుకోని పోతా," అని ఆమె లోపలికి పోయింది.

అలా మొదలుపెట్టి పదిన్నరేళ్లు నడిపాను. ఆయన కళ్లు మూసుకుని విని, "మూడు" అనేవారు. నేను మూడో గేరు వేసేదాన్ని. కుడి కాలితో ఆయన అక్కడ లేని బ్రేకు తొక్కేవారు. మళ్లీ నవ్వారు. పాకాల కాఫీ మళ్లీ తాగాం.

1983లో మా అత్త పోయింది. ఏడాది గడిచాక అడిగాను: "సామికి సెప్పుకోని, ఒక్కసారి మీరు తోలగూడదా? నేను ఆ పక్క కూసుంటా."

"మాట ఇచ్చింది అమ్మకు గాదు గదే," అన్నారు. ఎడమవైపు తలుపు తీస్తూ, "నువ్వు బాగనే తోలతాండావులే," అన్నారు.

నేను అడిగింది అది కాదు. మళ్లీ అడగలేదు.

1989లో ఆయన పోయేనాటికి మీటరు 47,118. ఆయన నడిపినవి 2,492 మైళ్లు, నేను నడిపినవి 15,712. కూడిక రెండుసార్లు సరిచూశాను.

కారు ఇంకా నా దగ్గరే ఉంది. ఆదివారం పొద్దున షెడ్డు తెరిచి ఇంజను స్టార్టు చేస్తాను. దిగి, ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి, ఎడమ సీట్లో కూర్చుంటాను. కొంగు నడుముకు చుట్టుకుంటాను. పది నిమిషాలయ్యాక ఇంజను ఆపి, పుస్తకంలో తేదీ వేసి, పోయిన వారం అంకే మళ్లీ రాస్తాను.