ఓర్విల్ కాఫీ యంత్రం

బడి బస్సు నడిపినన్నాళ్ళూ ఓర్విల్ టోర్గర్సన్ చేతులు ఖాళీగా ఉండేవి కావు. రిటైరయ్యాక వచ్చిపడింది తంటా. అమెరికాలో మినసోటా రాష్ట్రానికి ఉత్తరాన ఉన్న మా ఊళ్ళో చలికాలం ఒక పట్టాన వదలదు. మిగతా మగాళ్ళు గడ్డకట్టిన సరస్సు మీద గుడిసె వేసుకుని, మంచుకు కన్నం పెట్టి చేపలు పడుతూ కాలక్షేపం చేస్తారు. ఓర్విల్ ఆ గుడిసెలో కూర్చుంటే నిద్రపోతాడు. అలాంటివాడి చేతికి కూతురు ఫోను కొనిచ్చింది. లోకంలో పనీపాటా లేనివాళ్ళంతా అందులో చేరి పనులు నేర్పుతున్నారని అతనికి అప్పుడే తెలిసింది.

ఉడికిన గుడ్డు పెంకుకి రెండువైపులా చిల్లు పెట్టి గట్టిగా ఊదితే లోపలి గుడ్డు బయటికి దూకుతుందని ఎవరో చూపించారు. ఓర్విల్ ఊదాడు. గుడ్డు దూకింది. నేల మీద పడేలోపే కుక్క మింగేసింది. తర్వాత మోకాలి మీద రెండు చెంచాలు టకటకలాడించి పాట వాయించడం నేర్చాడు. ఆ తర్వాత చేతి రంపాన్ని వంచి, దాని మీద ఫిడేలు కమాను లాగి చర్చి పాటలు పలికించాడు. పక్కింటివాళ్ళు పిల్లి ఎక్కడో ఇరుక్కుపోయిందనుకుని వెతకడానికి వచ్చారు. చివరికి పాత పడవను అడ్డంగా కోసి, నిలబెట్టి, పుస్తకాల అలమర చేశాడు. వాళ్ళింట్లో ఉన్న పుస్తకాలు బైబిలూ, వంటల పుస్తకాలూనూ.

"ఇంకో పడవ కోశావంటే నిన్ను కోస్తా," అంది అతని భార్య మార్లిస్. అంటూనే ఆ అలమరని ముందు గదిలో పెట్టించింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ దాని ముందు నిలబెట్టి, "మా ఆయన చేశాడు," అని చెప్పేది.

రెండేళ్ళ కిందట మార్లిస్ కుడిచెయ్యి వణకడం మొదలైంది. పార్కిన్సన్ జబ్బు అన్నాడు డాక్టరు. మందులు రాశాడు, వణుకు తగ్గుతుందిగానీ పోదన్నాడు. ఆ రోజు నుంచి ఓర్విల్ పిచ్చి దారి మళ్ళింది. గుడ్లూ లేవు, రంపమూ లేదు. ఎక్కడ వణికే చేతుల వీడియో కనిపించినా కళ్ళప్పగించి చూసేవాడు. చూసి గ్యారేజీలోకి పోయేవాడు. సైకిలు హ్యాండిల్ తొడుగు చెంచాకి తొడిగి తెచ్చాడు. చేతి తొడుగులో ఇసుక నింపి తెచ్చాడు, బరువుకి చెయ్యి కుదురుగా ఉంటుందని. తోటకి నీళ్ళు పెట్టే గొట్టాన్ని చీల్చి పళ్ళెం అంచుకి బిగించాడు, మెతుకు కింద పడకుండా.

"వేళ్ళు ఇలా పెట్టు. కాదు కాదు, బొటనవేలు పైకి. ఆ వీడియోలో ఆవిడ చూడు ఎలా పట్టుకుందో," అనేవాడు.

"నన్ను కూడా తీసుకెళ్ళి ఆ గ్యారేజీలో మేకు కొట్టి తగిలించెయ్యి, గొడవ వదిలిపోతుంది," అనేది మార్లిస్. కానీ చెప్పినట్టే పట్టుకునేది. ఒకప్పుడు ఇంట్లో ఆవిడ మాటకి తిరుగుండేది కాదు.

మా లూథరన్ చర్చిలో కాఫీ పోయడమంటే ఆషామాషీ వ్యవహారం కాదు. పెళ్ళయినా, చావయినా, చర్చి కింద హాల్లో బల్ల చివర వెండి కెటిల్ పెడతారు. దాని వెనక కూర్చునేది ఊరంతా గౌరవించే ఆడమనిషి. ఆవిడ చేత కప్పు నింపించుకుని, ఇంట్లో అందరూ ఎలా ఉన్నారంటే జవాబు చెప్పి, అప్పుడు కేకు ముట్టుకోవాలి. ఆ కుర్చీలో ఏళ్ళ తరబడి ఇద్దరే మార్చి మార్చి కూర్చున్నారు. ఒకరు మార్లిస్, రెండోవారు ఆవిడ ప్రాణస్నేహితురాలు లవాన్. ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. ఎవరు ముందు పోతే వాళ్ళ అంత్యక్రియల రోజున రెండోవాళ్ళు కాఫీ పోయాలి.

"బెర్నిస్ చేతికి మాత్రం కెటిల్ ఇవ్వకే," అనేది లవాన్, చర్చి వంటింటి పెత్తనం చేసే బెర్నిస్ వినేలా. "అరకప్పు పోసి చాలంటుంది. నేను శవప్పెట్టెలోంచి లేచి కూర్చుంటా."

చెయ్యి వణకడం మొదలయ్యాక మార్లిస్ ఆ కుర్చీలో కూర్చోలేదు. లవానే అన్నిటికీ పోసింది. మార్చి నెలలో, మంచు ఇంకా కరగకముందే, లవాన్ నిద్రలోనే పోయింది.

మార్లిస్ ఏడవలేదు. వంటింటి కిటికీ దగ్గర కూర్చుని, "బెర్నిస్‌కి ఫోన్ చెయ్యి. తననే పొయ్యమను," అంది.

"లవాన్‌కి మాటిచ్చావు కదా."

"ఇచ్చినప్పుడు చెయ్యి ఉంది. ఇప్పుడు అందరి ముందూ జనం బట్టల మీద వేడి కాఫీ పొయ్యమంటావా? నా వల్ల కాదు, ఓర్విల్. నన్ను వదిలెయ్యి."

ఓర్విల్ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. గ్యారేజీలో దూరాడు. ఎక్కడో ఎవరో చేసిన కెటిల్ ఊయల వీడియో అతనికి గుర్తుంది. చెక్క చట్రంలో కెటిల్ కూర్చోబెట్టి, సైకిలు బ్రేకు తీగ బిగించాలి. బ్రేకు నొక్కితే కెటిల్ ముందుకు వంగుతుంది, వదిలితే స్ప్రింగు వెనక్కి లాగుతుంది. అంత్యక్రియల ముందురోజుకి అది తయారైంది. ఇంట్లో వాడే కెటిల్ దాంట్లో పెట్టి, నీళ్ళు నింపి, మార్లిస్ ముందుంచాడు.

ఆవిడ నమ్మకం లేకుండానే బ్రేకు నొక్కింది. సన్నటి ధార కప్పులో పడింది. బ్రేకు వదిలింది, ధార ఆగింది. కప్పు చుట్టూ ఒక్క చుక్క లేదు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ. ఇల్లంతా ఎన్ని కప్పులున్నాయో అన్నీ నింపింది.

"పిచ్చి మనిషీ," అంది. లవాన్ పోయాక మొదటిసారి ఆవిడ కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. "సరే, వస్తాను."

ఓర్విల్‌కి ఆ రాత్రి పట్టరాని సంతోషం. అందులోనే ఒక చిన్న సంగతి మర్చిపోయాడు. చర్చిలో ఉండేది ఇంటి కెటిల్ కాదు. వెండిది, పొట్ట ఉబ్బినది, బరువైనది.

మర్నాడు పాటలూ ప్రార్థనలూ అయ్యాక అందరూ కిందికి దిగారు. వెండి కెటిల్ చట్రంలో సరిగ్గా ఇమడలేదు. ఓర్విల్ గుడ్డముక్క మడిచి కింద దోపాడు. వరసలో జనం నిలబడ్డారు. అందరూ ఆ యంత్రాన్ని వింతగా చూస్తున్నారు, మర్యాదకి ఎవరూ అడగట్లేదు. మార్లిస్ కుర్చీలో నిటారుగా కూర్చుని బ్రేకు నొక్కింది.

కెటిల్ వంగింది. వంగి ఆగలేదు. బరువుకి స్ప్రింగు ఊడిపోయింది, చట్రం బోర్లా పడింది. కాఫీ అంతా తెల్లటి బల్లగుడ్డ మీదుగా పారి, హామ్ శాండ్‌విచ్‌ల పళ్ళెంలోకి పోయింది.

బెర్నిస్ గుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఏం పర్లేదు మార్లిస్, ఏం పర్లేదమ్మా. నువ్వలా వెళ్ళి కూర్చో, నేను పోస్తాలే," అంది ఎంతో మెత్తగా. ఆ మెత్తదనమే తగలరాని చోట తగిలింది. మార్లిస్ మొహం పాలిపోయింది. కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకుంది.

ఆవిడ ఇంట్లో కూర్చుంటానంటే వినకుండా తీసుకొచ్చి, ఊరందరి ముందూ తలదించుకునేలా చేసింది ఓర్విలే. దీనికి ఏ వీడియోలోనూ మార్గం లేదు.

యంత్రాన్ని తీసి బల్ల కిందికి తోసేశాడు. వంటింట్లోకి వెళ్ళి వెండి కెటిల్ సగం దాకా నింపుకొచ్చి మార్లిస్ ముందు పెట్టాడు. కప్పూ సాసరూ తీసుకుని అందరికన్నా ముందు నిలబడ్డాడు.

"పొయ్యి," అన్నాడు.

"ఒలుకుతుంది, ఓర్విల్."

"ఒలకనీ."

"నవ్వుతారు."

"నవ్వితే నన్ను చూసి నవ్వుతారులే. ఆ యంత్రం చేసిన మొనగాణ్ణి నేనేగా. పొయ్యవే."

మార్లిస్ రెండు చేతులతో కెటిల్ ఎత్తింది. చేతులతోపాటు కెటిలూ వణికింది. కాఫీ కొంత కప్పులో పడింది, కొంత అంచుకి కొట్టుకుని సాసర్లోకి పోయింది. సాసరు నిండిపోయింది. ఓర్విల్ దాన్ని చూశాడు. నార్వే నుంచి వచ్చిన తన తాత కాఫీ ఎలా తాగేవాడో గుర్తొచ్చింది. కప్పు పక్కన పెట్టాడు. చక్కెర బిళ్ళ ఒకటి పళ్ళ మధ్య పెట్టుకుని, సాసరు రెండు చేతులా ఎత్తి, హాలంతా వినబడేలా జుర్రుమని జుర్రాడు.

అప్పుడు గోడవార కుర్చీ ఒకటి కిర్రుమంది. పొద్దుట్నుంచీ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్న లవాన్ మొగుడు ఎల్‌రాయ్ లేచాడు. అతను ఓర్విల్‌కి ఒకటో తరగతి నుంచీ స్నేహితుడు.

"ఒరే ఓర్విల్, అలా జుర్రితే మా ఆవిడకి ఒళ్ళు మండేదిరా," అన్నాడు. "పెళ్ళయిన మొదటివారమే మాన్పించేసింది. మనమేం పశువులమా అంది." వచ్చి మార్లిస్ ముందు నిలబడి సాసరు చాచాడు. "కప్పొద్దు. ఇందులోకే పొయ్యమ్మా. ఏమంటుందో చూద్దాం."

మార్లిస్ పోసింది. ఎల్‌రాయ్ జుర్రాడు. ఏడుస్తూనే జుర్రాడు, నవ్వు కూడా వచ్చి పొలమారింది. వెనకున్న ముసలాయన తన సాసరు ముందుకు చాచాడు. ఆయన వెనక ఇద్దరు అక్కచెల్లెళ్ళు. వాళ్ళ వెనక పాస్టరమ్మ, అలా తాగడం జన్మలో ఎరగనిది, చక్కెర బిళ్ళ ఎటువైపు పళ్ళతో పట్టుకోవాలని అడిగింది. జుర్రుకునే చప్పుళ్ళతో హాలు నిండిపోయింది. బల్లగుడ్డ మీద ఎంత ఒలికిందో ఎవరూ చూడలేదు. మార్లిస్ ప్రతివాళ్ళనీ ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని అడుగుతోంది. జవాబు చెప్పేదాకా ఎవర్నీ కదలనివ్వట్లేదు.

వరస సగం కూడా కాకముందే కెటిల్ ఖాళీ అయిపోయింది.

"ఓర్విల్!" అని కేకేసింది మార్లిస్. "అలా గుడ్లప్పగించి చూస్తావేం? ఇంతమందికి అరకెటిల్ ఏ మూలకి? వెళ్ళి నిండుగా పట్రా. త్వరగా!"

ఓర్విల్‌కి కళ్ళు మసకబారాయి. ఈ రెండేళ్ళలో ఆవిడ అతనికి ఇలా గదమాయించి ఒక్క పని చెప్పలేదు. అతను చెప్పింది చేస్తూ వచ్చింది, అంతే.

"వస్తున్నా," అంటూ వంటింట్లోకి పరిగెత్తాడు.